లూనా రెండో పక్క

2023 జులై, మూడో శనివారం, పొద్దున పదిన్నర. ఆ వేళకే దుబాయ్‌లో రోడ్డు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం. ఇంటర్నేషనల్ సిటీలో నేను పనిచేసే కుక్కల సెలూన్ తలుపును ఒక డ్రైవర్ భుజంతో నెట్టుకుని లోపలికి వచ్చాడు. చేతుల్లో దుప్పటి చుట్టిన పెద్ద కుక్క. తోక మాత్రం బయటికి వేలాడుతోంది.

అతని పేరు గంగాధర్. జగిత్యాల వైపు మనిషి. దగ్గర్లోని విల్లాల్లో నూరా మేడమ్ అనే అరబ్ ఆవిడకు కారు నడుపుతాడు. ఆవిడ హస్కీ కుక్క లూనాను నెలకోసారి స్నానానికి నా దగ్గరికే తెస్తాడు. దుప్పటి తీసి దాన్ని బల్ల మీద నిలబెట్టాడు. ఎడమ పక్కన భుజం నుంచి తొడ దాకా బొచ్చు లేదు. మెట్లు మెట్లుగా కోసి ఉంది. కుడి పక్క ఎప్పటిలాగే గుబురుగా ఉంది.

"ఏందిరా ఇది? ఎలుకలు కొట్టినయా?" అన్నాను.

"నేనే పెద్దమ్మా. నిన్న డేరా బజార్ల బొచ్చు తీసే మిషన్ కొనుక్కొచ్చిన. నాలిక బయటవెట్టి ఒకటే ఎగపోస్తుంటే పాపమనిపిచ్చింది. ఎండకాలం గొర్లకు తియ్యమా మనం?"

"మరి సగంల ఎందుకు ఆపినవ్?"

"మిషన్ జామైంది."

అటు పక్క షిట్జూ అనే బుల్లి కుక్క గోళ్లు తీస్తున్న ఫిలిప్పీన్ పిల్ల జాయ్‌కి భాష అర్థం కాకపోయినా విషయం అర్థమై నవ్వింది. గంగాధర్ నవ్వలేదు. "రేపు పొద్దుగాల మేడమ్ లండన్ నుంచి వస్తది. రెండో పక్క గూడ తీసెయ్ పెద్దమ్మా. రెండు దిక్కుల సమానమైతే సెలూన్ల సమ్మర్ కట్ చేపిచ్చిన అంట. ఇట్ల చూసిందంటే ఖలాస్, వీసా క్యాన్సిల్ కొడ్తది. మల్ల నేను సోనాపూర్ లేబర్ క్యాంపుకు పోలేను."

క్యాంపు అంటే అతనికి ఊరికే భయం కాదు. ఏళ్ల తరబడి సైట్ల మీద ఇనుము మోసి, నడుము పట్టేశాక ఈ డ్రైవర్ పని దొరికింది. అది నాకు తెలుసు. అయినా మిషన్ చేతిలోకి తీసుకోలేదు.

ఎందుకో చెబుతాను. మాదీ గొర్రెలవాళ్ల ఇల్లే. నా చిన్నతనమంతా ఉన్ని వడకడంలోనే పోయింది, అక్షరాలు వచ్చింది యాభై దాటాక. గంగాధర్ ఎక్కడ పొరబడ్డాడో అందుకే నాకు వెంటనే తెలిసింది. గొర్రె బొచ్చు తనంతట తాను రాలదు, పెరుగుతూనే ఉంటుంది. మనం కత్తిరించకపోతే గొర్రె మొయ్యలేదు. హస్కీది అలా కాదు. దానిది డబల్ కోట్. అంటే పైన గట్టి వెంట్రుకలు ఒక పొర, కింద దూదిలాంటి అండర్‌కోట్ ఇంకో పొర. ఎండలొచ్చేసరికి కింది దూది తనంతట తాను ఊడిపోతుంది. పై వెంట్రుకలు ఎండ తోలుకు తగలకుండా గొడుగులా అడ్డం ఉంటాయి. ఊడిన దూది బయటికి రాకుండా లోపలే ఇరుక్కుంటే గాలి ఆడదు, కుక్క ఉడికిపోతుంది. తియ్యాల్సింది ఆ దూదిని. గొడుగును విరగ్గొట్టి ఎండ పోయిందంటే ఎలా?

ఎడమ పక్క తోలు మీద చెయ్యి పెట్టాను. లూనా ఒళ్లు ముడుచుకుంది. వీపు దగ్గర ఎర్రగా కమిలి ఉంది.

"పొద్దున బయటికి ఇడిసినవా?"

"పెరట్ల ఇడిసిన. ఇప్పుడు సల్లగుంటదనుకున్న."

"ఒక పక్క కాలింది సాలక రెండోది గూడ కాలుస్తవా?"

అప్పుడు అతనికి కోపం వచ్చింది. "నా నౌకరి కన్న నీకు కుక్క బొచ్చు ఎక్కువైందా పెద్దమ్మా?"

"నీ నౌకరి నా మిషన్ల లేదు బిడ్డా. నీ నోట్ల ఉన్నది. మేడమ్‌కు ఫోన్ చెయ్."

మా మేనేజర్ బినోయ్ కేరళవాడు. కౌంటర్ దగ్గర నుంచి అంతా చూస్తూ హిందీలో తన మాట తను చెప్పాడు: "అమ్మా, మేడమ్‌ను అడగకుండా గొరిగితే ఆ సగం కూడా మన షాపే చేసిందంటారు. ఫోన్ చేసేదాకా మిషన్ ముట్టుకోవద్దు." అతని భయం అతనిది. కానీ ఆ రోజు అది నాకు కలిసొచ్చింది.

గంగాధర్ ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు గాని నంబరు నొక్కలేదు. నేను లూనా కుడి పక్క పని మొదలుపెట్టాను. ముందు రేక్‌తో, అంటే పొడవు పళ్లున్న దువ్వెనతో, కుదుళ్ల దాకా దువ్వాను. తరవాత బ్లోయర్ పెట్టాను. అది గట్టిగా గాలి కొట్టే గొట్టం. తెల్ల దూది మేఘంలా లేచి బల్ల కింద కుప్ప పడింది. దానితో ఒక దిండు నింపొచ్చు. పై వెంట్రుక ఒక్కటి కత్తిరించలేదు. గంగాధర్ చెయ్యి పట్టుకుని ఆ బొచ్చులోకి దూర్చాను.

"తోలు దాక గాలి వోతుందా లేదా?"

"పోతుంది."

"ఇప్పుడు నువ్వు గీకినకాడ వెట్టు."

పెట్టి వెంటనే తీసేశాడు. కాసేపు లూనా మొహం చూశాడు. తరవాత నంబరు నొక్కాడు.

నూరా మేడమ్ వీడియోలోకి వచ్చింది. అతను ఫోన్‌ను ఎడమ పక్కకు తిప్పి చూపించాడు. ఆవిడ హిందీలో ఒక్కటే అడిగింది, "కిస్‌నే కియా?" ఎవరు చేశారని. సెలూన్ వాళ్లని అనొచ్చు. అనలేదు. "మైనే కియా మేడమ్. ఉస్కో గర్మీ లగ్ రహీ థీ," అన్నాడు. దానికి ఉక్కపోస్తోందని నేనే చేశానని. ఆవిడ ఫోన్ నాకు ఇమ్మంది. మళ్లీ పెరుగుతుందా అని అడిగింది. పెరుగుతుంది, కానీ మునుపటిలాగే పెరుగుతుందని మాటివ్వలేను, తోలు ఇవాళే డాక్టర్‌కు చూపించండి అన్నాను. "రెండో పక్క ఎవరూ ముట్టుకోవద్దు," అని ఫోన్ పెట్టేసింది.

"అయిపాయె పెద్దమ్మా," అన్నాడు గంగాధర్. నేను ధైర్యం చెప్పలేదు. తెలియనిదాన్ని ఎలా చెప్తాను? నా పాత కాటన్ అంగీ ఒకటి లూనాకు తొడిగి, కారులో ఏసీ వేశాకే ఎక్కించమని పంపాను.

మంగళవారం ఆవిడే లూనాను పట్టుకుని వచ్చింది. అద్దంలోంచి కారు వైపు చూశాను. స్టీరింగ్ ముందు గంగాధర్ కూర్చుని ఉన్నాడు. నౌకరి పోలేదన్నమాట.

"రెండు పక్కలా సమానంగా గొరిగి చూపించి ఉంటే బాగుందనుకునేదాన్ని. వచ్చే వేసవికి నేనే మళ్లీ చేయించేదాన్ని," అంది ఆవిడ. "నిజం చెప్పాడు కాబట్టి అతన్ని ఉంచుకున్నాను. ఆ మిషన్ మాత్రం చెత్తబుట్టలో వేశాను."

చలికాలానికి బొచ్చు వచ్చింది. తొడ దగ్గర అరచేయంత మేర ఇప్పటికీ గరుగ్గా, కొంచెం నల్లగా ఉంటుంది. గంగాధర్ తెచ్చినప్పుడల్లా ముందు అక్కడే నిమురుతాడు.

అసలు గొరగనే కూడదని నేను అనను. పూడుల్ లాంటి వాటి బొచ్చు పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించాల్సిందే. చిక్కులు పడి తోలును పట్టేస్తే హస్కీనైనా గొరుగుతాను, వేరే దారి లేదు. అరికాళ్లలో వేళ్ల మధ్య వెంట్రుకలు అన్ని కుక్కలకీ తీస్తాను. కానీ ఎండ పేరు చెప్పి డబల్ కోట్ కుక్కను గొరగమంటే మాత్రం ముందు ఒకటే అడుగుతాను: వేడి కుక్కకా, చూసే నీకా? కుక్కకైతే నీళ్లు పెట్టు, నీడలో ఉంచు, దువ్వించు, పొద్దెక్కాక బయట తిప్పకు. దాని మీద ప్రేమ ఉంటే సరిపోదు. దాని ఒళ్లు తెలియాలి. గంగాధర్‌కు ప్రేమ తక్కువై కాదు ఆ పని చేసింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: కౌంటర్ దగ్గర బినోయ్, షిట్జూతో జాయ్, దువ్వెన పట్టుకుని ఎల్లవ్వనైన నేను, ఫోన్ పట్టుకుని గంగాధర్, ఆ ఫోన్‌లో నూరా మేడమ్, మా అందరి మధ్య బల్ల మీద సగం బొచ్చుతో లూనా.