దెబ్బను తన వైపు తిప్పుకునేవాడు

మా అల్లుడు పోయాడు. కరీంనగర్ దవాఖానలో, పొద్దున డాక్టర్లు వార్డు చూసి వెళ్లిన తరువాత, మా అమ్మాయి టిఫిను తేవడానికి కిందికి దిగినప్పుడు పోయాడు. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. రక్తానికి వచ్చిన జబ్బు. వానాకాలంలో బయటపడింది, చలికాలం దాటనివ్వలేదు. అల్లుడి గురించి అత్త రాయడం మా వైపు నేనెక్కడా చూడలేదు. అయినా రాస్తున్నాను. ఇది చదివేవారిలో కొందరికి అతని ముఖం తెలియదు, కాని అతను తెలుసు. ఫోన్లో ఆడే ఆటలో, రాక్షసుల ఎదుట డాలు పట్టుకొని నిలబడే మనిషిగా తెలుసు. ఆ మనిషి ఎందుకు రావడం లేదని అడుగుతున్న పిల్లలందరికీ ఇదే జవాబు.

అతనిది బొగ్గు బావిలో ఉద్యోగం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దన్నులు నిలబెట్టే జట్టులో ఉండేవాడు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు తలెత్తి పైకప్పు చూసేవాడు. పెళ్లికి పిలిచినవాళ్ల పందిరిని కూడా అట్లాగే చూసేవాడు. చూసి, ఫరవాలేదనుకున్న తరువాతే మిగతావాళ్లను లోపలికి రమ్మని చేయి ఊపేవాడు.

నేను బడిలో లెక్కలు చెప్పిన మనిషిని. ఉద్యోగం ముగిశాక, కాలనీలో కూతురు వాళ్ల క్వార్టరుకు వచ్చి ఉంటున్నాను. మా ఇళ్లల్లో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. అతని ముందు కుర్చీలో కూర్చోదు. ఇక కోప్పడడమన్న మాటే లేదు. అల్లుడు ఏం చేసినా చూడనట్టు లోపలికి వెళ్లిపోవాలి. మా అమ్మ అట్లా చేసింది, నేనూ చేశాను. ఒకే గదిలో అన్నం తింటూ కూడా మా మాటలు మనవరాలి మీదుగానే నడిచేవి.

“మీ బాపుకు చారు కావాల్నా అడుగు.”

“కావాల్నని చెప్పు బిడ్డా. ఉప్పు జర తక్కువైందని గూడ చెప్పు.”

“ఉప్పు మీ అమ్మ వేసిందని చెప్పు.”

“నేనేమన్న టెలిఫోనునా?” అని మనవరాలు కంచం పట్టుకొని వసారాలోకి పోయేది. అప్పుడు ఇద్దరం మాటలు లేక చారు తాగేవాళ్లం.

షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చాక అతను వసారాలో మంచం మీద ఫోను పట్టుకునేవాడు. ఆ ఆటలో ఎవరి వేషం వాళ్లు ఎంచుకోవాలి. కత్తి దూసేవాడు, దూరం నుంచి బాణం వేసేవాడు, నిప్పు కురిపించే మంత్రగాడు, గాయాలు మాన్పే వైద్యురాలు. అందరికంటే ముందు డాలు పట్టుకొని నిలబడి, రాక్షసి కొట్టే దెబ్బలన్నీ తాను కాచుకునేవాడు ఒకడు. అతను ఎప్పుడూ ఆ డాలుమనిషి వేషమే వేసేవాడు. కొత్త వేషాలు ఎన్ని వచ్చినా మార్చలేదు. మా అమ్మాయికి ఇది అర్థమయ్యేది కాదు.

“బియ్యం సంచి ఎత్తమంటె నడుం నొస్తదంటవు. ఆడ కొండంత రాక్షసిని ఆపుతవా?” అనేది. “అందరు కత్తులు దూస్తుంటె, నువ్వేంది గా రేకు పట్టుకొని నిలవడ్డవు?”

“కొట్టేటోళ్లు శానమంది దొరుకుతరు. నిలవడేటోడే దొరకడు,” అనేవాడు.

ఎదిగిన బిడ్డ తండ్రికి ఇదేం ఆట అని నేను అనుకునేదాన్ని. అనుకోవడమే, అనడానికి లేదు.

అతని గురించి నాకు మరో అభిప్రాయం కూడా ఉండేది. మంచివాడే గాని సమయం తెలియనివాడు అని. సాయంత్రాలు మనవరాలికి నేను లెక్కలు చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరం. తప్పు చేస్తే నేను ఊరుకోను. నా గొంతు పెరిగి, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగే సమయానికి, బావి నుంచి వచ్చిన బూట్లతో సరిగ్గా తడిబట్ట పెట్టిన గచ్చు మీదికి నడిచి వచ్చేవాడు. లేదా తడి తువ్వాలు తెచ్చి నా కుర్చీ మీద వేసేవాడు. ఒకరోజు గుమ్మంలో నిలబడి, “బిడ్డా, అమ్మమ్మనడుగు, గీ త్రికోణానికి మూడే మూలలెందుకుంటయి? నాలుగైతె ఏమైతది?” అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. కాని అల్లుడు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. తిరిగి వచ్చేసరికి కోపం చల్లారింది, పిల్ల కూడా కళ్లు తుడుచుకొని కూర్చుంది. మా అమ్మాయిని మందలించేటప్పుడూ ఇంతే. పాలు పొంగించిందనో, గ్యాసు కట్టేయలేదనో నేను మొదలుపెట్టగానే, పక్క గదిలో టీవీ ఇంటికప్పు లేచిపోయేంత గట్టిగా మోగేది.

దవాఖానలో చేరాక మా మధ్య మనవరాలు లేకుండా పోయింది. ఆమెకు కాలేజీ, మా అమ్మాయికి ఉద్యోగం. పగలంతా నేనే ఉండేదాన్ని. మొదటి రోజు అతనికి దాహమైంది. మంచం పక్కన నిలబడి గోడకు చెబుతున్నట్టు, “నీళ్లు కావాల్నేమో,” అన్నాను.

“కావాలె అత్తమ్మా. మీరు ముందు కూసోండ్రి,” అన్నాడు.

కూర్చున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు అతని ఎదుట కూర్చోవడం అదే మొదలు.

మందులు ఎక్కుతున్నప్పుడు నిద్ర పట్టేది కాదు. ఫోను ఛాతీ మీద పెట్టుకొని ఆడేవాడు. అతని జట్టులో గాయాలు మాన్పే పిల్ల ఒకతె ఉంది. కాగజ్‌నగర్‌లో వాళ్ల నాన్నకు బట్టల దుకాణం. “భయ్యా, జర ఆగుండ్రి, నా మంత్రం ఇంక నిండలే,” అని ఫోన్లోంచి అరిచేది. అతను ఆగేవాడు. ఆమె సిద్ధమయ్యేదాకా ఆటలోని కోట తలుపు దాటేవాడు కాదు. ఆట ముగిశాక తెర మీద పేర్ల వరుస వచ్చింది. నేను కళ్లజోడు సర్దుకొని చూశాను.

“అల్లుడా, నీ పేరు అన్నిటికన్న కింద ఉన్నది,” అన్నాను. పిల్లల మార్కులు చూసిన అలవాటు.

“అది కొట్టినోళ్ల లెక్క అత్తమ్మా. తిన్నోళ్ల లెక్క ఇంకో దిక్కు ఉంటది. అది ఎవ్వలు తెరువరు.”

తెరిచి చూపించమన్నాను. చూపించాడు. అందులో అతనిదే మొదటి పేరు. సిగ్గుపడి వెంటనే మూసేశాడు.

బావిలో కూడా ముందు నడిచి కప్పు చూసే మనిషివి గనుక ఈ వేషం నచ్చిందా అని అడిగాను. ఫోను పక్కన పెట్టాడు.

“లేదత్తమ్మా. బాయిల నాకు రోజు భయమే. కప్పు మీద పడ్డదంటె ఇంక లేచుడు లేదు. గీడ పడ్డా లేస్తం. గందుకే గీడ ధైర్యంగుంట.”

అప్పటికి అతనికి లేచి నిలబడే శక్తి తగ్గిపోయింది. నేను నారింజ వలుస్తూ తల వంచుకున్నాను.

ఒకరోజు తెర మీద ఒక గుర్తు చూపించాడు. రాక్షసి డాలుమనిషిని వదిలి, వెనుక ఉన్న వైద్యురాలి మీదికి తిరిగితే అది నొక్కాలి. నొక్కితే డాలుమనిషి పెద్దగా అరుస్తాడు, రాక్షసిని వెక్కిరిస్తాడు. దానికి ఒళ్లు మండి, ఆ పిల్లను వదిలి ఇతని మీదికి వస్తుంది. “నాకు కత్తి కన్న ఇదే ఇష్టం,” అన్నాడు. “దెబ్బ ఎవలకో ఒకలకు తగులుతది గద. తెలిసి తిన్నోనికి తక్కువ నొస్తది.”

ఆ సాయంత్రమే మా అమ్మాయి పని నుంచి నేరుగా దవాఖానకు వచ్చింది. అర్ధ సంవత్సరం పరీక్షల మార్కులు ఇంకా ఇంటికి రాలేదేమని అడిగాను. వస్తయిలే అంది. కాలేజీ వాళ్లు ఎప్పుడో ఇచ్చి ఉంటారన్నాను. ఆమె సంచిలో ఏదో వెదకడం మొదలుపెట్టింది.

“నా మొఖం చూసి చెప్పు. ఏం దాస్తున్నరు నా దగ్గర?”

“అవ్వా, గిది దవాఖాన. మెల్లగ మాట్లాడు.”

“నేను మెల్లగ మాట్లాడేటట్టు మీరు నడుచుకోవాలె! పిల్ల చదువంటె తల్లికి పట్టింపు లేకపోతె...”

స్టీలు గ్లాసు పెద్ద చప్పుడుతో కింద పడింది. నీళ్లు నా చీర అంచు దాకా పారాయి. నేను మాట ఆపి, బట్ట తీసుకొని వంగాను. అల్లుడు. రోగంతో ఉన్నవాడు. ఏమనగలను? మా అమ్మాయి మరో బట్ట కోసం బయటికి వెళ్లింది. నేల తుడుస్తూ తలెత్తి చూస్తే, అతను నన్నే చూస్తున్నాడు. చేయి వణకడం లేదు. గ్లాసు ఉన్న బల్ల అతనికి అందేంత దగ్గర కూడా కాదు. అంత దూరం జరగడానికి ఎంత కష్టపడ్డాడో ఆయాసంలో తెలుస్తోంది.

వసారాలోంచి వచ్చిన బూట్లు, నా కుర్చీ మీద తువ్వాలు, నాలుగు మూలల త్రికోణం, అన్నీ ఒక్కసారి నా ముందుకు వచ్చి నిలబడ్డాయి.

“అల్లుడా, అది కావాల్నని పడేసినవా?”

“నవ్వకుండ్రి అత్తమ్మా.”

“ఇన్నేండ్ల సంది కావాల్ననే చేస్తున్నవా?”

“మీ కోపం బిడ్డ దిక్కు పోతె బిడ్డ ఏడుస్తది. వాళ్లమ్మ దిక్కు పోతె ఆమె మూడు దినాలు మాట్లాడది. నా దిక్కు తిరిగితె ఆడికే ఆగిపోతది. మీరు నన్ను తిట్టరు గద.” ఊపిరి తీసుకొని, “మీరు మంచోళ్లే. దెబ్బనే జర గట్టిది,” అన్నాడు.

నేను నవ్వాను. ఎంత నవ్వానంటే పక్క మంచం వాళ్లు లేచి చూశారు. ఆ తరువాత చీర చెంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు అడిగాను, ఇప్పుడు ఎవరికి అడ్డం నిలబడ్డావని.

“ఒకటున్నది అత్తమ్మా. నేనే చెప్త. బిడ్డకు మాటిచ్చిన, నేను ఎదురుంగ నిలవడి చెప్తనని. ఇంటికొచ్చినంక చెప్త. పండుకొని చెప్పేటిది కాదు.”

నేను గుచ్చి అడగలేదు. ఇంటికి వస్తాడని అనుకున్నాను. డాక్టర్లు చెప్పినదాన్ని బట్టి అనుకోవలసింది కాదు, కాని అనుకున్నాను. మనవరాలు ఆదివారం వచ్చినప్పుడు అతని చెవిలో ఏదో అడిగేది. అతను ఆగమన్నట్టు వేళ్లు ఆడించేవాడు. తరువాత వేళ్లు ఆడించడం కూడా తగ్గింది.

అతను పోయాక ఫోను మా అమ్మాయి తీసి నాకిచ్చింది, తాను చూడలేనని. దానికి కాగజ్‌నగర్ పిల్ల ఫోన్ చేసింది. సంగతి చెప్పాను. వెనుక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. తరువాత, “అమ్మా, భయ్యా వస్తడని మేం కోట తలుపు కాడనే ఉన్నం. లోపలికి పోలే,” అంది. “వేరేటోళ్లు డాలు పట్టుకుంటమంటున్నరు. వాళ్లు ఉరుకుతరమ్మా. ఎన్కకు తిరిగి చూడరు.”

జాగ్రత్తగా ఉండు బిడ్డా అన్నాను.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్లిపోయారు. మా అమ్మాయి మందు వేసుకొని పడుకుంది. నేను ముందుగదిలో బట్టలు మడత పెడుతుంటే మనవరాలు వచ్చి నా ఎదుట నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అమ్మమ్మా, నేను లెక్కల్ల ఫెయిలైన. అర్ధ సంవత్సరంల. బాపు చెప్తనన్నడు. నేనే చెప్తున్న.”

నాకు బాధ కలగవలసింది. ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు ఒక్కరోజులో పోదు. “రోజు నా దగ్గర కూసుంటివి గద! ఏం రాకపోతె అడుగుమన్న గద! నేను ఇంట్ల ఉండంగ నువ్వు లెక్కల్ల...” నా గొంతు పైకి లేచింది. లేస్తున్నట్టు నాకే వినిపించి ఆపేశాను.

పిల్ల ఏడవడం లేదు. నా వైపు చూడడం కూడా లేదు. వసారా గుమ్మం వైపు చూస్తోంది. నేనూ అటు చూశాను.

“ఆపకు అమ్మమ్మా,” అంది.

“ఏందే?”

“ఇంక తిట్టు. గట్టిగ తిట్టు.” వచ్చి నా మణికట్టు పట్టుకుంది. “నువ్వు గట్టిగ తిట్టినప్పుడల్ల బాపు వస్తడు గద.”

నేను నోరు తెరిచాను. ఆ పిల్ల అడిగింది కనుక, నిజంగానే తిడదామని తెరిచాను. గుమ్మానికి ఉన్న కర్టెన్ ఫ్యాను గాలికి కొంచెం బయటికి ఉబ్బి, మళ్లీ లోపలికి వాలింది. మేమిద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.