మాల్యాద్రి సమాధి కడిగిన రోజు

మా తమ్ముడు పెంచలయ్య సైన్యంలో ఉండగా మంచుకొండల్లో మంచుచరియ విరిగిపడి చనిపోయాడు. శరీరం దొరకలేదు. పువ్వు పెట్టడానికి మా ఇంట్లో ఒక ఫొటో మాత్రం మిగిలింది. మా వీధిలో ఉండే మస్తాన్ అన్న రిటైరైన హవల్దారు. ఆయనొకసారి, "జిల్లాలో సైనికుల సమాధులు చూసేవాళ్లు లేక పాడైపోతా ఉండాయమ్మా. ఆదివారాలు మేం రిటైరైనోళ్లం పోయి కడిగొస్తా ఉండాం. నువ్వూ రా" అన్నాడు. అప్పటి నుంచి వెళ్తున్నాను. ఈ మధ్య పడమటి వైపు వెళ్లొచ్చిన రోజు గురించి రాస్తున్నాను.

నేనూ మస్తాన్ అన్నా నెల్లూరులో తెల్లవారగానే బస్సెక్కితే ఎండ ముదరకముందే ఆత్మకూరులో దిగాం. అక్కడి క్రైస్తవ శ్మశానవాటికలో ఒక సిపాయి సమాధి మీద సర్కారు తుమ్మ కొమ్మలు వాలిపోయి ఉన్నాయి. మస్తాన్ అన్న వాటిని కొట్టేస్తుంటే నేను కొబ్బరి పీచుతో, ఉత్త నీళ్లతో రాయి రుద్దాను. యాసిడ్ వాడకూడదు, అక్షరాలు తినేస్తుంది. పేరు తేటగా కనిపించాక నల్లరంగు దిద్ది, పగుళ్లు ఎక్కడున్నాయో ఫొటోలు తీసుకున్నాం. ఆ సమాధి దగ్గరికి వచ్చేవాళ్లెవరూ లేరని కాపలాదారు చెప్పాడు.

టిఫిన్ తిని ఉదయగిరి బస్సెక్కాం. ఉదయగిరిలో దిగి, వరికుంటపాడు వైపు ఒక పల్లెకు రానూపోనూ ఆటో మాట్లాడుకున్నాం. ఆరు వందలు అయింది. "మిలిటరీ మాల్యాద్రి వాళ్లిల్లా? వాళ్లమ్మ ఎవురితోనూ పెద్దగా మాట్లాడదు" అన్నాడు ఆటో అతను.

మాల్యాద్రి సరిహద్దులో కాల్పుల్లో చనిపోయాడు. వాళ్లది గొర్రెలు మేపుకునే కుటుంబం. సొంత చేనులోనే, గట్టు పక్కన పూడ్చి సిమెంటు సమాధి కట్టారు. తల్లి వెంగమ్మ అవ్వ మాకు మజ్జిగ ఇచ్చి, కడవతో నీళ్లు తీసుకుని మా వెంటే చేనుకు వచ్చింది. సమాధి మీద గీసిన జెండా బొమ్మ రంగులు వెలిసిపోయాయి. మేం పాచి రుద్దుతుంటే చాలాసేపు నిలబడి చూసి, మస్తాన్ అన్నను అడిగింది.

"నువ్వు మిలిటరీలో చేసినావంట గదా నాయనా. ఇందులో ఉండేది నా కొడుకేనా?"

ఆయన చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"పెట్టె తెరవనీలేదు" అంది అవ్వ. "మొహం చూడాలని ఏడ్చినా, వద్దన్నారు. వచ్చినోళ్లంతా మీవోడే అంటారు. నువ్వు చూసినావా అంటే మాట్లాడరు."

"నాది ఆ రెజిమెంటు కాదవ్వా" అన్నాడు మస్తాన్ అన్న. "నేను చూళ్లేదు. నాకు తెలీదు."

"నువ్వన్నా నిజం చెప్పినావు" అని అవ్వ నా వైపు తిరిగింది. "నీకెవురు పోయినారమ్మా, ఈ పనికి వచ్చినావు?"

తమ్ముడి సంగతి చెప్పాను.

"పెట్టె కూడా రాలేదా?"

"రాలేదవ్వా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని కడవ నా చేతికిచ్చింది. "అయితే నువ్వూ పొయ్ నీళ్లు. లోపల ఎవురుండారో నాకూ తెలవదు. ఎవురో ఒకమ్మ కన్న బిడ్డే గదా. మీవోడే అనుకో."

పోశాను. తమ్ముడు పోయాక మొదటిసారి వాణ్ణి పేరు పెట్టి పైకి పిలిచాను. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసింది.

తిరుగు బస్సు ఆత్మకూరు దాటింది. మస్తాన్ అన్న కిటికీలోంచి చూస్తూనే, "నేనూ అట్టాంటి పెట్టెలు మూసినానమ్మా. ఇంటోళ్లు చూస్తే తట్టుకోలేరని మేకులు కొట్టినాం" అన్నాడు. సమాధి శుభ్రమైతే దుఃఖం కాస్త తేలికవుతుందనుకునేదాన్ని. అవ్వకు అవలేదు, నాకూ అవలేదు. మేమిద్దరం కలిసి దాన్ని కాసేపు మోశామంతే.

ఇలాంటి పనికి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఊళ్లో దిగగానే సమాధి ఎక్కడని అడగకండి. ముందు ఆ ఇంటికి వెళ్లి, వాళ్లు ఇచ్చిన మజ్జిగ తాగి కూర్చోండి. వాళ్లుగా లేచి రమ్మంటేనే వెళ్లండి.