మూడు వేళ్లు పైకి

మా తోడల్లుడు వెంకట్రాజం అన్న మొండివాడు. ఆ మొండితనం మీద నాకు చాలా రోజులు కోపం ఉండేది. వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లుగా గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని జంపఖానాలు నేస్తున్నాడు. పోయిన ఏడాది విరేచనంలో రక్తం పడితే దవాఖానకు తీసుకుపోయాను. మలద్వారానికి బాగా దగ్గరలో క్యాన్సర్ గడ్డ అన్నారు.

గడ్డకు రేడియేషన్ కరెంటు పెట్టడం అయ్యాక సర్జన్ శోభారాణి గారు రెండు ఆపరేషన్లు చెప్పారు. గడ్డ తీసి పేగును కిందికి అతకడం ఒకటి. పాత దారే ఉంటుంది, కానీ ఆపుకునే పట్టు తగ్గి రోజుకు పదిసార్లు పరుగెత్తాల్సి రావచ్చు. రెండోది, కింద పూర్తిగా మూసి మలానికి పొట్ట మీద దారి పెట్టడం. బతికినన్నాళ్లూ సంచి.

"మీకున్న రోగానికి రెండూ ఒకటే. ఎట్ల బతుకుతరో మీరే చెప్పాలె" అన్నారావిడ.

మేమందరం మొదటిదే అన్నాం. "కడుపు మీద సంచితోని నలుగురిలకు ఎట్ల పోతవయ్యా?" అని మా వదిన సమ్మమ్మ ఏడ్చింది.

"నలుగురిలకు నెలకొక్కసారి పోత. మగ్గంలకు రోజూ దిగుత. గుంటలకెల్లి పదిసార్లు ఎవడు లేస్తడు?"

నేను నచ్చజెప్పబోయాను. "కడుపు నీదా తమ్మీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆపరేషన్ ముందురోజు నర్సు జ్యోతి ఆయన్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, దారి పెట్టాల్సిన చోట పెన్నుతో గుర్తు పెట్టింది. అన్న తన చేతిసంచిలోంచి ఒక కర్ర తీశాడు. నేసిన బట్ట చుట్టుకునే దూలం నేతగాడి పొట్టకు ఆనుకుని ఉంటుంది. అది ఎంత ఎత్తులో తగులుతుందో ఆ కొలతకు ఇంట్లోనే కర్ర కోసుకొచ్చాడు. దాన్ని తను కూర్చున్న బల్ల మీద నిలబెట్టి ముందుకు వంగాడు. కర్ర కొస సరిగ్గా గుర్తు మీదికే వచ్చింది.

"ఇది చెరిపెయ్యి బిడ్డా. మూడు వేళ్లు పైకి పెట్టు."

"అందరికి ఇక్కడ్నే పెడ్తం బాపూ."

"అందరు జంపఖానలు నేస్తరా?"

జ్యోతి డాక్టరమ్మను పిలిచింది. ఆవిడ ఆయన్ని మళ్లీ వంగమని చూసి, తనే పాత గుర్తు తుడిచి పైన పెట్టారు.

కింది గాయం మానడానికి మూడు నెలలు పట్టింది. కూర్చుంటే నొప్పికి ఏడ్చాడు కూడా. నాలుగో నెలలో గుంటలోకి దిగిన రోజు నన్ను పిలిపించాడు. వదిన నూలు కండెలు అందిస్తోంది. అన్న దూలం మీదికి వంగి చొక్కా పైకెత్తాడు.

"వేలు పెట్టి చూడు తమ్మీ."

పెట్టాను. దూలానికీ, సంచి అతికించిన చోటుకీ మధ్య నా వేలు సులువుగా దూరింది.

"నీ మాట ఇనుంటే పొద్దటిసంది ఎన్నిసార్లు లేసెటోణ్ని?"

నాకు సిగ్గేసింది. ఏదో చెప్పబోయాను.

"చెయ్యి తియ్యి" అన్నాడు. "నేసేదున్నది."