అక్కయ్య నడిపిన రేపల్లె బండి

మా తోడికోడలు, నేను అక్కయ్యా అని పిలిచే మనిషి, పోయిందన్న కబురు టెలిగ్రాంలో వచ్చింది. అప్పుడు బాపట్లలో మా పెరట్లో వడియాలు పెడుతున్నాను. పిండి చేతులతోనే కాగితం అందుకుని మావారికిచ్చాను. ఆయన చదివారు. చదవడం అయిపోయాక కూడా కాగితం వైపే చూస్తూ నిలబడ్డారు. "వదిన" అన్నారు, అంతే. వడియాలు ఎక్కడివక్కడ వదిలేసి దొరికిన బండి పట్టుకుని తెనాలి బయల్దేరాం.

ఆ బండి నిడుబ్రోలు దాటాక సిగ్నల్ దొరక్క పొలాల మధ్య ఆగిపోయింది. మామూలుగా అయితే రైలు ఆగిందంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసే మనిషిని నేను. ఆ రోజు మాత్రం "ఆగడం కూడా ప్రయాణమేనే" అని అక్కయ్య అనే మాట గుర్తొచ్చి, కిటికీ ఊచ పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఆవిడ గురించి నలుగురికీ చెప్పాలని అనిపించింది కూడా అక్కడే.

నేను కోడలిగా తెనాలిలో అడుగుపెట్టింది అరవైల మొదట్లో. రేపల్లె లైను గేటుకి దగ్గరలో మా అత్తవారిల్లు. బండి వచ్చిందంటే వంటింటి అలమరలో గిన్నెలు కూడా పలికేవి. అక్కయ్య అప్పటికే ఆ ఇంటి పెద్దకోడలు, ఇద్దరు పిల్లల తల్లి, వీధిలో ఆడపిల్లలకి వీణ నేర్పే పంతులమ్మ. ఆవిడ మాటలో తొందర లేదు, నడకలో తొందర లేదు. కూర తరుగుతుంటే చూసేవాళ్ళకి నిద్ర రావలసిందే.

"అక్కయ్యా, నువ్వు ఈ బెండకాయలు తరిగేలోపు గింజలు మొలకెత్తుతాయి" అనేదాన్ని.

"మొలకెత్తనీవే. రేపటికి కూర కొనక్కర్లేదు" అనేది, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే.

ఆ ఇంట్లో ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. ఒక ఏడు బావగారు పనిమీద మద్రాసు వెళ్ళి పిల్లల కోసం రెండు రైళ్ళు తెచ్చారు. రేకు ఇంజన్లు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. వెనక మూడేసి పెట్టెలు, ముక్కకి ముక్క తగిలించుకునే పట్టాలు. తాళంచెవి తిప్పి వదిలితే చాలు, పరుగే పరుగు. పేరంటానికి వచ్చినవాళ్ళు మెట్ల మీది దేవుళ్ళకి ఒక దణ్ణం పడేసి రైళ్ళ దగ్గర చతికిలబడ్డారు. నేను ఊరుకుంటానా! హాల్లో రెండు వరసలు పట్టాలు పరిచి పందెం పెట్టాను. ఎరుపు నాది, పచ్చ పిల్లలది. వంటింటి గడప ఎవరు ముందు తాకితే వాళ్ళదే గెలుపు. నా ఎర్ర ఇంజను సగం దారిలో పట్టాలు వదిలి, శనగల గిన్నెని గుద్ది, పేరంటాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళి మంచం కింద చల్లబడింది. ఇల్లంతా ఒకటే నవ్వులు. ఇప్పటికీ చెబుతాను, అంత సరదా నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు.

అక్కయ్య కూడా కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. తరవాత ఇంజన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ, "ఇది రైలు కాదే, తోక తొక్కిన పిల్లి" అంది. "మన రేపల్లె బండి ఎలా కదులుతుంది? ముందు ఒళ్ళు విరుచుకుంటుంది. ఓ నిట్టూర్పు విడుస్తుంది. వెళ్దామా మానదామా అని కాసేపు ఆలోచిస్తుంది. అప్పుడు గదా కదలడం!"

"అలా నడిపితే చూసేవాళ్ళు లేచిపోతారు."

"పోనీ. కూర్చున్నవాళ్ళే ప్రయాణికులు" అంది.

అదే మాట వీణ పాఠంలో ఇంకోలా అనేది. "నెమ్మదిగా వాయించలేనివాళ్ళే వేగంలో దాక్కుంటారు" అని. గబగబా వాయించి మెప్పు కొట్టేద్దామని వచ్చిన పిల్లలకి మొహాలు మాడిపోయేవి.

మర్నాటి నుంచి ఆవిడ బండి వేళకి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడడం మొదలుపెట్టింది. పెట్టెలు పోతుంటే తొడ మీద తాళం వేసుకునేది. ఏంటక్కయ్యా ఇది, జనం చూస్తున్నారంటే, "ఒక్కో పెట్టె ఆ గేటు స్తంభాన్ని దాటడానికి ఎన్ని దెబ్బలు పడుతోందో చూస్తున్నానే. మన బొమ్మ పెట్టె అగ్గిపెట్టెని దాటడానికీ అన్ని దెబ్బలే పట్టాలి. అప్పుడది రైలు. తక్కువ పడితే బొమ్మ" అంది. నాకు నవ్వొచ్చింది. ఇంటికి వచ్చి పట్టాల పక్కన అగ్గిపెట్టె నిలబెట్టి, ఇంజన్ని చేత్తో పట్టుకుని ఆ లెక్కన నడిపి చూపించింది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి కనబడుతూనే ఉంది, అయినా అది రేపల్లె బండే. చిన్నదైనా పెద్దదైనా తన పొడుగు తాను దాటే కాలం ఒకటే కావాలన్న ఊహ ఆవిడకి ఎలా తట్టిందో నాకు ఈ రోజుకీ ఆశ్చర్యమే.

చేత్తో నడిపితే సరే, తాళంచెవి ఇంజనుకి నిదానం ఎవరు నేర్పుతారు? పెట్టెల్లో చింతపిక్కలు పోసి చూసింది, బియ్యం పోసి చూసింది. కదిలితే దౌడు, లేకపోతే మొరాయింపు. చివరికి ఆఖరి పెట్టెకి గాలిపటం దారం కట్టి, వెనక కూర్చుని వేళ్ళ మధ్య నుంచి కొంచెం కొంచెంగా వదలడం మొదలుపెట్టింది. ఎడమచేతిలో దారం, కుడిచేత్తో తాళం. వీణ తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్ళు ఆవిడవి. ఇంజను ముందుకి గుంజుతుంటే, ఆ వేళ్ళు ఎంత వదలాలో అంతే వదిలేవి.

ఇదంతా ఇంటి సరదాగానే మిగిలిపోయేది, మా అత్తగారి సంగతి లేకపోతే. అత్తగారి పుట్టిల్లు రేపల్లె. ఆవిడకి ఒక్కడే తమ్ముడు. బాపట్లలో నా పెళ్ళప్పుడు ఆయన్ని మొదటి బంతికి పిలవడం మావాళ్ళు మరిచిపోయారు. మేనమామని రెండో బంతిలో కూర్చోబెడతారా అని ఆయన విస్తరి ముందు నుంచి లేచి, నేరుగా స్టేషనుకి నడిచి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. "వాడే రావాలి" అని అత్తగారూ బిగుసుకున్నారు. ఇంతలో ఆవిడ బావి దగ్గర జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. పడ్డాక పంతం పోయి దిగులు పట్టుకుంది. గేటు దగ్గర కూత వినబడినప్పుడల్లా, "ఒక్కసారి ఆ బండెక్కి వాణ్ణి చూసొస్తే బాగుండునే" అనేవారు. మంచం మీద లేపి కూర్చోబెట్టడమే గగనం, బండి ఎక్కించడం ఎక్కడ!

అక్కయ్యా నేనూ రేపల్లె వెళ్ళాం, ఆ తమ్ముడుగారిని, అంటే మాకు మావయ్యగారిని, బతిమాలి తీసుకొద్దామని. ఆయన కాఫీ ఇప్పించారు, పిల్లల క్షేమం అడిగారు, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

"నేను ఆవిడ దగ్గరికి రానమ్మా. ఆవిడే నా దగ్గరికి రావాలి. మా అక్క రేపల్లె బండి దిగిననాడు ప్లాటుఫారం మీద నేనుంటాను."

"ఒట్టేనాండి?" అంది అక్కయ్య.

"ఒట్టే."

అక్క లేవలేని స్థితిలో ఉందని తెలిసే అన్నారు. తిరుగు బండిలో నేను కుతకుతలాడిపోయాను. అక్కయ్య మాత్రం కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేసుకుంటూ కూర్చుంది. పల్లికోనలో బండి ఎంతసేపు ఆగింది, భట్టిప్రోలులో ఎంతసేపు, వేమూరులో ఎంతసేపు, అన్నీ చేత్తోనే చూసుకుంది. తెనాలి దగ్గర పడుతుండగా కళ్ళు తెరిచి, "మావయ్యగారు మంచి మాటే ఇచ్చారే" అంది. మతి పోయిందేమో అనుకున్నాను.

దసరా వచ్చింది. రేపల్లె వెళ్ళే మనిషి చేత అక్కయ్య మావయ్యగారికి కబురంపింది. "అత్తయ్యగారు విజయదశమినాడు మధ్యాహ్నం రేపల్లె బండి ఎక్కుతున్నారు. మీ మాట ప్రకారం మీరు ప్లాటుఫారం మీద ఉండాలి. ప్లాటుఫారం మా ఇంట్లో ఉంది" అని. ఆయన కోపంతో వచ్చారో, కుతూహలంతో వచ్చారో, మొత్తానికి వచ్చారు. హాల్లో కొలువు మెట్ల దగ్గర మొదలై, గుమ్మం దాటి, లోపలి గదిలో అత్తగారి మంచం దాకా పట్టాలు. పక్కన పసుపుతో ఊళ్ళ పేర్లు రాసిన అట్టముక్కలు. మంచం పక్కన ఆయనకి కుర్చీ. పచ్చ ఇంజను వెనక మొదటి పెట్టె మీద ఒక కొయ్యబొమ్మ కూర్చుంది. దానికి ఎర్రంచు గుడ్డపీలిక చీరలా చుట్టింది అత్తగారే.

"ఏంటమ్మా ఇది, ముసలివాళ్ళతో పిల్లాటలా?" అన్నారు మావయ్యగారు. అక్క వైపు చూడనే లేదు.

"బొమ్మలాట అనిపిస్తే మధ్యలో లేచి వెళ్ళిపోండి మావయ్యగారూ. ఏమీ అనుకోం" అంది అక్కయ్య. దారం జారి ఆ బండి ఒక్కసారి పిల్లి పరుగు పెట్టిందంటే ఆయన లేచిపోతారు, మళ్ళీ ఈ జన్మలో ఆ గుమ్మం తొక్కరు. మంచం మీద మనిషికి ఇంకో దసరా ఉంటుందో లేదో ఎవరికి తెలుసు?

అక్కయ్య తాళంచెవి తిప్పి దారం పట్టుకుంది. బండి ఒళ్ళు విరుచుకుంది. వెళ్దామా మానదామా అనుకుంది. కదిలింది.

నేను ఎన్నో పందేలు నడిపినదాన్ని, కేకలు లేకుండా ఆ ఇంట్లో రైలు నడవడం అదే మొదటిసారి చూడడం. పేరంటాళ్ళు ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నారు. వేమూరులో ఆగింది. ఇంజను నీళ్ళు పట్టుకుంటోందంటూ అక్కయ్య ముందుకి జరిగి మళ్ళీ తాళంచెవి తిప్పింది. ఎవరూ నవ్వలేదు. కదిలాక మంచం మీంచి అత్తగారు, "కిటికీ రెక్క దించండే, బొగ్గు నలుసులు కంట్లో పడతాయి" అన్నారు. ఆవిడ మంచం మీద లేరు, బండిలో ఉన్నారు. భట్టిప్రోలులో ఆగినప్పుడు ఎవరో కొత్త కోడలు పక్కకి జరిగి, ఎక్కేవాళ్ళకి దారి ఇచ్చినట్టు కొంగు సర్దుకుంది. నేనూ జరిగాను. అక్కయ్య వేలి మీద సన్నగా నెత్తురు కనబడింది, దారం కోసుకుపోయి. కుడిచేతి తాళం మాత్రం తప్పలేదు.

పల్లికోన దాటింది. అప్పటిదాకా కాళ్ళు బారజాపుకుని కూర్చున్న మావయ్యగారు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. బండి గుమ్మం దాటి గదిలోకి వస్తుంటే లేచి నిలబడ్డారు. ఎవరూ లేవమనలేదు. స్టేషన్లో బండి కనబడగానే మనమంతా ఎలా లేస్తామో అలాగే లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు. బండి వచ్చి ఆగింది. ఆయన వంగి బొమ్మ వైపు చెయ్యి చాచారు.

"దిగక్కా. మెట్టు ఎత్తుగా ఉంది, చూసుకుని."

ఆ చేతిలో మంచం మీంచి అత్తగారు తన చెయ్యి పెట్టారు. "వచ్చావురా తమ్ముడూ" అన్నారు.

"నేనెక్కడికొచ్చాను? నువ్వే వచ్చావు" అన్నారాయన. అక్కయ్య వేలిని నోట్లో పెట్టుకుని, ఏమీ జరగనట్టు దారం చుట్టుకుంటోంది. అంతవరకూ తోడికోడలని వేళాకోళం ఆడినదాన్ని, ఆ క్షణాన లేచి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గేసి శనగలు పంచడానికి లేచాను.

ఆ సాయంత్రం పందేలు కూడా జరిగాయి. అక్కయ్యే పెట్టించింది. మావయ్యగారు నా పక్షాన చేరి, "ఎరుపు! ఎరుపు! వదలకు!" అని పెట్టిన కేకలు గేటు దాకా వినబడి ఉంటాయి. ఆ తరవాత ప్రతి దసరాకీ మధ్యాహ్నం అక్కయ్య బండి, సాయంత్రం నా పందెం. మావయ్యగారు రెండింటికీ తప్పలేదు. కొన్నేళ్ళకి అత్తగారు వెళ్ళిపోయారు, వెనకే ఆయనా వెళ్ళిపోయారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మాకు బాపట్ల బదిలీ అయింది. రైళ్ళు అటక ఎక్కాయి.

అక్కయ్య కార్యక్రమాలన్నీ అయిపోయిన మర్నాడు బావగారు అటక మీంచి రైళ్ళు దాచిన పెట్టె దింపించారు. ఎర్ర ఇంజను స్ప్రింగు తెగిపోయి ఉంది. పచ్చది పనిచేస్తోంది. పట్టాలు ఆయనే పరిచారు, హాల్లోంచి గదిలోకి, పాత దారిలోనే. మంచం ఉండే చోట ఇప్పుడు అక్కయ్య వీణ ఉంది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒక్కసారి నడపమ్మా. ఆవిడ నడిపినట్టు" అన్నారు.

ఆవిడ తాళం నాకు రాదు. దారం వేళ్ళ మధ్య పెట్టుకుని ఊపిరి లెక్కన వదిలాను. ఇంజను ఎంత బలంగా లాగుతుందో నాకు అప్పుడు తెలిసింది. అన్నేళ్ళు ఆ లాగుడుని ఆవిడ ఒక్క చేత్తో ఆపి, మా అందరి ముందూ తీరిగ్గా కూర్చునేది. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన, అన్నిచోట్లా ఆపాను. వేలు కోసుకుంది. పెట్టె మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు.

బండి గుమ్మం దాటి గదిలోకి రాగానే బావగారు లేచారు. కండువా దులిపి భుజాన వేసుకున్నారు. బండి ఆగింది. ఆయన కూర్చోలేదు. అందరూ దిగేదాకా ఆగే మనిషిలా పట్టాల వైపు చూస్తూ నిలబడే ఉన్నారు. నా చేతిలో దారం ఇంకా బిగువుగానే ఉంది.