తోమిన పెనం

తుప్పు పట్టిన పెనాన్ని చూసి ఊరుకునే మనిషి కాదు వెర్డెల్ పెటిగ్రూ. కాల్వర్ట్స్ బెండ్ అనే ఊళ్ళో బడి వంటశాలలో ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లలకు వండిపెట్టింది. డెబ్బై రెండో ఏట ఇంట్లో కాలు నిలవక, నల్లవాళ్ళ పేటలో పాత చర్చి హాలును మ్యూజియం చేస్తే, అక్కడ ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. ఆ పేటలో ఆడవాళ్ళు ఒకరింటికి ఒకరు వెళితే ముందుగా చూసేది పొయ్యి మీది ఇనుప పెనాన్నే. అది నల్లగా నిగనిగలాడితే ఆ ఇల్లాలికి మర్యాద. తుప్పు కనిపించిందో, ఆదివారం ప్రార్థన ముగిసేలోపు ఆ కబురు పేటంతా చుట్టి వస్తుంది.

మ్యూజియంలో ఉన్నవి ఒక గదికి సరిపోయే వస్తువులే. వందేళ్ళ కిందట తెల్లవాళ్ళ గుంపొకటి తుపాకులతో, కిరసనాయిలు డబ్బాలతో వచ్చి ఈ పేటలో దిగువ భాగాన్ని తగలబెట్టింది. పద్నాలుగు ఇళ్ళు కాలిపోయాయి. ఎంతమంది పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. కోర్టు కచేరీ పుస్తకంలో మాత్రం, రాత్రివేళ ఎవరింట్లోనో దీపం బోర్లాపడి నిప్పంటుకుందని ఒక్కటంటే ఒక్క వాక్యం ఉంది. రాసినవాడు పచ్చి అబద్ధాన్ని ఎంత చక్కటి చేతిరాతతో రాశాడో చూస్తే ఒళ్ళు మండుతుంది.

నిరుడు ఆ కాలిన ఇళ్ళ చోట పత్తి చేను దున్నుతుంటే, కూలిన పొగగొట్టం ఇటుకల కింద ఒక పెనం బయటపడింది. మ్యూజియం నడిపే థియోడోరా మాబ్రీకి వెర్డెల్ కూతురంత వయసు. పెనాన్ని ఒడిలో పెట్టుకుని ఆ పిల్ల చాలాసేపు కూర్చుంది. వచ్చే శనివారం కొత్త గది తెరవాలనీ, నడిమధ్యన ఆ పెనమే ఉండాలనీ నిర్ణయించింది.

"మిస్ వెర్డెల్, శుక్రవారానికల్లా పెనం సిద్ధం చేసి పెట్టండి" అని చెప్పి, ఏదో పని మీద రాజధానికి వెళ్ళింది. గాజుపెట్టె తుడిచి పెనాన్ని అందులో పెట్టమని ఆమె ఉద్దేశం. వెర్డెల్‌కు మాత్రం పెనం సిద్ధం చేయడమంటే పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒకటే అర్థం.

పెనాన్ని ఇంటికి పట్టుకుపోయింది. అడుగున అంటుకున్న మాడును కత్తి మొనతో గీకింది. ఉప్పు చల్లి, సగం కోసిన ఆలుగడ్డతో రుద్దింది. పంది కొవ్వు రాసి పొయ్యిలో పెట్టి, తీసి, మళ్ళీ రాసింది. ఆ ఇల్లాలెవరో, పాపం, నలుగురి ముందుకు తుప్పు పెనంతో ఎలా వస్తుంది అనుకుంది. అంత ప్రేమతో సొంత పెనాన్ని కూడా ఎప్పుడూ తోమలేదు.

శుక్రవారం పొద్దున్నే వచ్చిన మాబ్రీ గాజుపెట్టె ముందు నిలబడిపోయింది.

"ఇదెక్కడి పెనం?"

"ఎక్కడిదేంటమ్మాయ్, మనదే. ఇప్పుడు చూడు, ముఖం చూసుకోవచ్చు."

"లోపలంతా ఏదో అంటుకుని ఉండాలి కదా?"

"ఆ మాడా? గీకేశా. రెండు గంటలు పట్టింది."

మాబ్రీ కుర్చీలో కూలబడింది. "ఆ మాడు కోసమేనండీ ఇదంతా. సోమవారం కాస్త తీసి యూనివర్సిటీకి పరీక్షకు పంపుదామనుకున్నా. ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పేది అదొక్కటే. నా దగ్గరున్న ఫొటోలో మట్టిముద్ద తప్ప ఏమీ కనపడదు."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని వెర్డెల్‌కు అనిపించింది.

మధ్యాహ్నం మ్యూజియం కమిటీ కూర్చుంది. దానికి పెద్ద, చర్చి వ్యవహారాలు చూసే డీకన్ క్లీటస్ బ్యాంక్స్. వంకరగా మాట్లాడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"దీన్ని పెట్టెలో పెడితే కోర్టు వీధి తెల్లవాళ్ళు పళ్ళికిలిస్తారు. బజార్లో కొని తెచ్చారంటారు. మనం వెర్డెల్ చేతి సబ్బును తిట్టుకుంటూ కూర్చోవాలి. తీసేద్దాం" అన్నాడు.

"ఇనుప పెనానికి సబ్బు తగలనిస్తానా డీకన్? ఏమనుకుంటున్నావ్ నన్ను?" అంది వెర్డెల్. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "తోమింది నేనే కాబట్టి చూసింది కూడా నేనే. ఒక మాట చెప్పనిస్తారా?"

మాబ్రీ తలూపింది.

"ఆ మాడు అట్లది. మొక్కజొన్న అట్లు, అరచేతంతేసి, మూడు. ఒకటి తిరగేసి ఉంది. మిగతా రెండూ తిరగెయ్యలేదు. పైన బుడగలు పేలిన చిల్లులు అలాగే ఉన్నాయి. తిరగేస్తే చిల్లులు అడుక్కి పోతాయి కదా. గీకేటప్పుడు ఇదేంటి, రెండు తిరగెయ్యకుండా వదిలేసింది, ఏం ఇల్లాలబ్బా అనుకున్నా." వెర్డెల్ కళ్ళు తుడుచుకుంది. "ఈ పేటలో రాత్రిపూట అట్లు పోసే ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించు డీకన్. పొద్దున్నే కదా పోస్తాం. పొద్దున్న అట్లు పోసుకునే ఇంట్లో రాత్రి దీపమెలా బోర్లాపడింది?"

డీకన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బాగానే ఉంది. సాక్ష్యమేదీ? గీకేశావుగా" అన్నాడు డీకన్. ఈసారి గొంతులో వంకర లేదు.

"గీకేశా. అది కూడా రాయండి. నా పేరు పెట్టి రాయండి. పాపం, ఆ తల్లి అట్లు తిరగేసే వ్యవధి కూడా లేకుండా పరిగెత్తింది. నేను ఆమె పొయ్యి మీది ఆఖరి గుర్తు చెరిపేశా. నా తప్పుకు సిగ్గుపడి ఆమె సంగతి దాచేస్తే, ఆ దీపం కథే మిగులుతుంది."

శనివారం గాజుపెట్టె పక్కన ఆమె చెప్పినది చెప్పినట్టు రాసిన అట్ట వెలిసింది. అడుగున వెర్డెల్ పెటిగ్రూ, వంటమనిషి అని ఉంది. కోర్టు వీధి నుంచి వచ్చిన ఇద్దరు నవ్వుకుంటూ పోయారు. పేటలోని ముసలమ్మలు మాత్రం ఆ అట్ట ముందు నుంచి కదలలేదు. వాళ్ళలో కొందరు ఏడ్చారు.

మంగళవారం అదే పేటలో ఉండే లూషియస్ గ్రాంబ్లింగ్ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. జేబులోంచి చేతిరుమాలు మూట తీశాడు.

"ముందే చెబుతున్నా వెర్డెల్, దీన్ని తోమావంటే ఊరుకోను."

"ఏంటది?"

"తాళంచెవి. పేట తగలబెట్టిన రోజు, ఇల్లు వెనకవైపు అంటుకుంటుంటే మా అమ్మమ్మ ముందు తలుపుకు తాళం వేసి పరిగెత్తిందంట. తిరిగొస్తాననుకుంది పిచ్చిది. ఇన్నేళ్ళూ బయటి మనిషికి చూపించలేదు." ఆయన మూటను ఆమె ముందుకు చాపాడు. "తప్పు చేసి నువ్వే పేరు పెట్టి చెప్పుకున్నావు. ఏ తప్పూ చెయ్యని వాళ్ళం, మేమెందుకే దాచుకోవడం?"

వెర్డెల్ మూట విప్పలేదు. రెండు చేతులతో అందుకుని లోపలికి కేకేసింది.

"అమ్మాయ్, ఇంకో గాజుపెట్టె కావాలి."