అమోస్ అబద్ధాల బండ

మధ్యాహ్నం మూడయ్యేసరికి అమోస్ థ్వైట్ గొర్రెలను కుక్కకు అప్పజెప్పి, కొండబీడులోని పెద్ద బండ దగ్గరకు వచ్చి, దాన్ని చూడొచ్చినవాళ్లతో అబద్ధాలాడటం మొదలుపెట్టేవాడు. ఇంగ్లండులో మా యార్క్‌షైర్‌ వైపు మాటలు కూడా పొదుపుగానే వాడతారు. అమోస్ మాత్రం అబద్ధాలను ఊరికే పంచిపెట్టేవాడు.

ఇంటెత్తు బండ అది. ముందువైపు రాతియుగంవాళ్లు తొలిచిన గుంటలు, వాటి చుట్టూ వలయాలు. ఎందుకు తొలిచారో ఎవరికీ తెలియదు, అమోస్‌కు తప్ప.

"దయ్యం కోడిగుడ్లు పెట్టుకు తినే గిన్నెలమ్మా ఇవి," అని ఒక టీచరమ్మతో అన్నాడు. లీడ్స్ నుంచి వచ్చిన ప్రొఫెసరుతో, "మా తాత పనండీ. కట్టుడుపళ్లు కొత్తగా వస్తే కొరికి చూశాడు," అన్నాడు. ప్రొఫెసరు మొహం చిట్లించి బండ వెనక్కి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని, "ఆగండయ్యా, మా నాయనమ్మ సంగతి ఇంకా చెప్పనేలేదు!"

అటు అడుగేసిన ప్రతివాడికీ రెండో అబద్ధం తగిలేది.

మా పత్రికకు ఫిర్యాదులొచ్చాయి. నేను వెళ్లి, "ఒక్కరికైనా ఒక్క నిజం చెప్పరాదూ?" అన్నాను.

"నిజాలకు మీ పేపరుందిగా అబ్బాయ్. అందుకే ఎవడూ కొనడు."

ఆయన ఇంకొకరి చెయ్యి పట్టుకున్న సమయం చూసి వెనక్కి వెళ్లాను. బండకు వీపు ఆనించి మా ఊరి పెద్దావిడ హిల్డా సంటర్ కూర్చుని ఉంది. ఒళ్లో టీ ఫ్లాస్కు. భుజం పక్కన రాతిలో చెక్కిన అక్షరాలు: 'టామ్ సంటర్. మంచులో గొర్రెల కోసం వెళ్లాడు.'

చప్పుడు చేయకుండా తిరిగొచ్చాను.

"చూశావా?" అన్నాడు అమోస్. "ఈ గంట ఆవిడది, మొగుడిది. కెమెరాలేసుకుని మీద పడితే ఏం బాగుంటుంది? రాశావో, కుక్కను వదుల్తా."

"ఆవిడకు తెలుసా?"

"తెలిస్తే థాంక్స్ చెబుతుంది. నాకెందుకొచ్చిన గొడవ!"

మొన్న చలికాలంలో అమోస్ పోయాడు. మంచు కరిగాక వెళితే, హిల్డా బండకు ముందువైపు నిలబడి ఉంది.

"నాకు వినపడదనుకున్నాడు పిచ్చి మారాజు," అంది. "టామ్‌తో నా మాటలు పది నిమిషాల్లో అయిపోయేవి నాయనా. తక్కినసేపంతా ఈయన అబద్ధాల కోసమే కూర్చునేదాన్ని. నవ్వొస్తే స్కార్ఫు నోట్లో కుక్కుకునేదాన్ని. ఒక్కసారైనా నేను ఇటొచ్చి ఆయన ఎదురుగా నవ్వాల్సింది."

అంతలో ఓ కొత్త జంట వచ్చింది. "ఇవి ఎవరు తొలిచారండీ?"

హిల్డా బండ మీద చెయ్యి వేసింది. "నాలుగువేల ఏళ్ల కిందట అమోస్ అని ఒకాయన ఉండేవాడమ్మా. నోరు తెరిస్తే నిజమే చెప్పేవాడు."

వాళ్లు నమ్మేశారు.