గల్లాపెట్టెలో సింథసైజర్

2011 వానాకాలంలో నేను జనగామలో వాద్యాలు బాగుచేసే ఒక సర్వీసు సెంటరులో సీనియర్ టెక్నీషియన్‌ను. హోదా పేరు పెద్దదే కాని, నా కింద జూనియర్ అంటూ ఎవరూ లేరు. నా పైన మాత్రం సర్వీసు ఇంజినీరు ఒకాయన హనుమకొండలో కూర్చునేవారు. గ్యారంటీలో ఉన్న మెషిన్ మూత విప్పాలంటే ఆయన అనుమతి కావాలి. గ్యారంటీ దాటితే నా ఇష్టం, దాని ఖర్మ.

అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా పాటల సభలు జరుగుతున్నాయి. గూడూరు నుంచి యాకయ్య అనే కీబోర్డు కళాకారుడు తన సింథసైజర్‌ను యూరియా సంచిలో చుట్టుకొని వచ్చాడు. ట్రాక్టర్ మీద వాయిస్తుంటే వాన పట్టుకుందట. ఆదివారం భూపాలపల్లిలో సభ.

"అప్పటికి ఇది పలకకుంటే వరంగల్‌ నుంచి వేరేటోన్ని పిలుస్తనన్నడన్నా మా బృందం పెద్ద. వాడొచ్చి ఒక్కసారి కూసుంటే మల్ల లేస్తడా?"

లేవడని నాకూ తెలుసు. దుకాణాల నడుమ పెరిగినవాణ్ణి. పక్క దుకాణం ఎక్కిన గిరాకీని వెనక్కి తేవడం ఎంత కష్టమో చిన్నప్పుడే చూశాను.

సింథసైజర్ అంటే ఒకే డబ్బాలో రెండు వస్తువులు ఉన్నట్టు. కీల వరుస పని ఏ కీ నొక్కారో చెప్పడం వరకే. శబ్దం పుట్టించేది వెనక ఉండే మెయిన్ బోర్డు. యాకయ్య మెషిన్‌లో కీల కింది పట్టీని తుప్పు తినేసింది. ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసింది కాబట్టి కొత్త పట్టీ దొరకదు. మెయిన్ బోర్డు కాస్త ఎత్తులో ఉండి బతికిపోయింది.

తను నేర్చుకున్న రోజుల నాటి చిన్న కీబోర్డు ఒకటి ఇంట్లో ఉందన్నాడు. దాని శబ్దం దోమ పాడినట్టే ఉంటుంది గాని, వెనక మిడి అనే గుండ్రటి సాకెట్ ఉంది. ఒక వాద్యం మీద నొక్కింది తీగ ద్వారా ఇంకో వాద్యానికి చెప్పే ఏర్పాటు అది. అందుకని పెద్దదాని కీలు పీకేసి, బోర్డునూ బటన్ల పలకనూ కొత్త పెట్టెలో బిగించి, చిన్నదాంతో వాయించమన్నాను.

"కీలు పీకేస్తే ఇగ అదేం కీబోర్డన్నా?"

"తమ్మీ, నీకు గావాల్సింది దాని గొంతు. పండ్లు ఊడితే పాట ఆగుతదా?"

"మా తాతకు ఆగింది," అన్నాడు యాకయ్య.

పెట్టె కోసం వడ్రంగం చేసే వడ్ల వీరాచారి దగ్గరికి పోయాను. కిరాణా దుకాణం వాళ్లు చేయించుకొని వద్దన్న టేకు గల్లాపెట్టె ఆయన దగ్గర మూలకు పడి ఉంది. కొత్తది చేయించడం కన్నా చాలా చవక. పైన బిళ్ళలు వేసే చీలిక ఉంది. వీరాచారికి ఆ చీలికను లోపమని చూపించి ధర దించాను. "సేటూ, నీతోని బేరమాడుడు కన్నా పెట్టె పొయ్యిల పెట్టుడు నయం," అన్నాడాయన. యాకయ్యకు మాత్రం అదే చీలికను బోర్డు వేడి పోయే గాలిదారి అని చూపించాను. ఒకే బొక్కను ఇద్దరికి రెండు రకాలుగా అమ్మానన్న మురిపెం ఆదివారం దాకా ఉంది.

బోర్డును ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టి, ముందుపలక కోసి బటన్లు బిగించాను. కరెంటు ఇస్తే పలికింది. కీలు పోయిన సంగతి బోర్డు గమనించనే లేదు.

నా పనితనం కళ్లారా చూడాలని భూపాలపల్లికి నేనూ వెంట పోయాను. లారీయే వేదిక. పెట్టె మెరుస్తూ ముందంచున కూర్చుంది. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన గాయని మంగి మొదటి పాట ముగించింది. పాట నచ్చితే జనం లేచి వచ్చి పైసలిచ్చిపోవడం అక్కడి రివాజు. రెండో పాట మొదలవుతుండగా ఒక అవ్వ వచ్చింది. మంగికి దండం పెట్టి, కొంగుముడి విప్పి, రూపాయి బిళ్ళను చీలికలో వేసింది. నేను లేచేలోపే ఆమె వెనక వరుస కట్టారు.

బిళ్ళలు బోర్డు మీద పడగానే సింథసైజర్ ఒకే స్వరం పట్టుకొని గేదెలా అరిచి, ఆగిపోయింది. యాకయ్య కీలన్నీ నొక్కి చూశాడు. బృందం పెద్ద అప్పటికే జేబులోంచి ఫోన్ తీశాడు.

మంగి మాత్రం ఆగలేదు. చప్పట్లు కొడుతూ పాట నడిపించింది, జనం అందుకున్నారు. నేను ప్లగ్గు పీకి, పెట్టెను బోర్లించి దులిపాను. బిళ్ళలు లారీ మీద గలగల రాలాయి. అదీ కార్యక్రమంలో భాగమే అనుకొని జనం ఈలలు వేశారు. అవ్వకు మాత్రం కోపమొచ్చింది.

"ఇచ్చింది పారబోస్తవేంది బిడ్డా? మా బిళ్ళలు చెల్లయా?"

"చెల్లుతయవ్వా. దీనికి అరగయి."

ఫ్యూజు పోయింది. మా వృత్తిలో జేబులో పెన్ను మరిచినా ఫ్యూజులు మరవం. మార్చి, నా తువ్వాలను చీలిక మీద పరిచి, కరెంటు ఇచ్చాను. పాట ఆఖరి చరణంలో ఉండగా యాకయ్య వేళ్ల కింద సన్నాయి లేచింది. బృందం పెద్ద ఫోన్ జేబులో పెట్టుకొని, "యాకయ్య ఉంటడు గని, ఆ పెట్టె పక్కన పైసలకు ఇంకో పెట్టె పెట్టుండ్రి," అన్నాడు.

ఆ వారంలోనే చీలిక మీద చెక్క కొట్టి, పక్కలకు సన్న రంధ్రాలు వేయించాను. నేనెంత బేరమాడినా వీరాచారి ఈసారి తగ్గలేదు. ఆ తర్వాత చేసిన ప్రతి పెట్టెకూ గాలిరంధ్రాలు పక్కలకే పెట్టాను. పైన ఉంటే జనం ఖాళీగా ఉంచరు.